పట్టేసిన బ్రేకులు: ఎంఎక్స్-5 వెనక చక్రాల మీద అపోహలు, వాస్తవాలు

మార్చి వచ్చిందంటే మా వర్క్‌షాప్‌కి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కారు స్టార్ట్ అవుతోంది, గేరు పడుతోంది, కానీ కదలట్లేదు. వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది." ఇంగ్లండ్‌లో చలికాలమంతా కవరు కింద పడుకున్న మాజ్దా ఎంఎక్స్-5 లు అవి. రెండు సీట్ల చిన్న కారు. 1989లో వచ్చిన మొదటి తరం, 1998 నుంచి 2005 దాకా వచ్చిన రెండో తరం ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. నాకు చాలా ఇష్టమైన కారు. బ్రేకుల విషయంలో తప్పు సలహాలు విని మనవాళ్లు డబ్బు పోగొట్టుకోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకు తెచ్చుకోవడం చూడలేక ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పే కొలతలు ఆ రెండు తరాల వెనక బ్రేకులకే వర్తిస్తాయి.

అపోహ: చక్రం తిరగట్లేదంటే కాలిపర్ పోయినట్టే, కొత్తది వేయాలి.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్క్. దాన్ని రెండు వైపుల నుంచి నొక్కి ఆపేవి ప్యాడ్లు. ఆ ప్యాడ్లను పట్టుకుని, లోపలున్న పిస్టన్‌తో నొక్కేది కాలిపర్. నా దగ్గరికి వచ్చిన కార్లలో చాలావాటికి కాలిపర్ మార్చాల్సిన పనే రాలేదు. బ్రేకు పట్టేయడానికి కారణం ఒక్కటి కాదు. అసలు పిస్టన్ వెనక్కి ఎలా వస్తుందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. మామూలు డిస్క్ బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచుల రబ్బరు సీలు, పెడల్ తొక్కినప్పుడు కాస్త మెలిపడుతుంది. కాలు తీయగానే అది తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని కూడా వెనక్కి తెస్తుంది. ఆ కదలిక మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. ఆ కొంచెం కదలికకు ఎక్కడ అడ్డు తగిలినా బ్రేకు వదలదు.

అడ్డు ఎక్కడుందో కనుక్కోవడానికి నేను చేసే పని ఇది. కారు ముందరి చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, కారు వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెడతాను. జాకీని మాత్రమే నమ్మి ఎప్పుడూ పని చేయకండి. పెడల్ నాలుగైదుసార్లు తొక్కి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తాను. బిగుసుకుని ఉంటే కాలిపర్ మీది బ్లీడ్ నిప్పల్‌ని (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరని) ఒక అర చుట్టు వదులు చేస్తాను. బ్రేక్ ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం తిరగడం మొదలైతే, తప్పు కాలిపర్‌ది కాదు. ఆయిల్ ప్రెషర్ లోపలే చిక్కుకుంది. అప్పుడు నిప్పల్ బిగించి, పెడల్ తొక్కి మళ్లీ బ్రేకు పట్టేలా చేసి, ఈసారి రబ్బరు హోస్‌కి ముందున్న ఇనుప పైపు జాయింట్ వదులు చేస్తాను. అక్కడ విప్పినా చక్రం వదలకపోతే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయిందని అర్థం. బయటికి ఆ హోస్ కొత్తదానిలా కనిపించవచ్చు. అక్కడే వదిలిందంటే తప్పు ఇంకా పైన, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడుని ఆయిల్ ప్రెషర్‌గా మార్చేది) దగ్గరో, పెడల్ రాడ్‌కి కాస్త వదులు లేకపోవడంలోనో ఉంది.

నిప్పల్ విప్పినా చక్రం కదలకపోతేనే పిస్టన్, స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగేది వీటి మీదే), ప్యాడ్లు, హ్యాండ్ బ్రేక్ వైపు చూడాలి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే ముందు పిన్నులను అనుమానించండి. ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పుల కింద తుప్పు పొంగి ప్యాడ్‌ని నొక్కేస్తుంది. ఫైలుతో ఆ తుప్పు గీకేస్తే చాలు, కొత్త భాగం ఒక్కటి కూడా అక్కర్లేని రిపేరు అది. ఒకతను రెండు కాలిపర్లూ కొత్తవి కొని వచ్చాడు. అతని కారుకి జరిగింది ఇదే. కొన్నవి వెనక్కి ఇచ్చేయమన్నాను.

అపోహ: కాస్త దూరం నడిపితే దానంతట అదే వదులుతుంది.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదం. వాన పడిన మర్నాడు డిస్క్ మీద పట్టే పలుచని తుప్పు మొదటి రెండు మూడు బ్రేకులకే పోతుంది. ప్యాడ్ డిస్క్‌కి అంటుకుపోతే, కారుని మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపితే 'టక్' మని వదలవచ్చు. అప్పుడైనా నాలుగైదు మైళ్లు నడిపాక దిగి చూడాలి. వెనక రెండు చక్రాల వేడిలో బాగా తేడా ఉంటే ఇంకా పట్టుకునే ఉంది. డిస్క్‌ని చేత్తో ముట్టుకోకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెద్ద ఖరీదు కాదు, ఒకటి కొనుక్కోండి.

అలా పట్టుకుని ఉన్న బ్రేకుతో మోటర్‌వే ఎక్కితే ఏమవుతుందో చెప్తాను. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. రాసుకుంటూ తిరిగే డిస్క్ వేడి కాలిపర్‌కి, అక్కడి నుంచి ఆయిల్‌కి పాకుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకోదు. అందుకే పెడల్ నేల దాకా దిగిపోతుంది. ఒక తమ్ముడు ఇలాగే నలభై మైళ్లు నడుపుకుంటూ వచ్చాడు. మా గేటు ముందు పెడల్ దిగిపోతే గేరు తగ్గించి, గడ్డిలోకి తిప్పి ఆపాడు. చేతులు వణుకుతున్నాయి పాపం. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమని నేను అంతగా పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదంటే కేబుల్ బిగిస్తే సరిపోతుంది.

ఎంఎక్స్-5 వెనక బ్రేకులను పాడు చేసే సలహా ఇదేనని నా గట్టి నమ్మకం. ఈ కారులో వెనక కాలిపర్ రెండు పనులు చేస్తుంది. పెడల్ తొక్కితే ఆయిల్ పిస్టన్‌ని తోస్తుంది. హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ కాలిపర్ వెనకున్న చిన్న చెయ్యి లాంటి లివర్‌ని తిప్పి, అదే పిస్టన్‌ని తోస్తుంది. వదిలినప్పుడు ఆ లివర్ వెనక్కి వచ్చి తన ఆనుడుకి తగలాలి. కారు లోపల ఉన్న నట్టుతో కేబుల్ బిగించేస్తే లివర్ అక్కడిదాకా రాదు. హ్యాండ్ బ్రేక్ వదిలినా సగం లాగినట్టే ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ దానంతట అది సర్దుకునే ఏర్పాటు కూడా సరిగా పనిచేయదు.

సరైన పద్ధతిలో పని కాలిపర్ దగ్గర మొదలవుతుంది. ముందు కేబుల్‌ని పూర్తిగా వదులు చేయండి. కాలిపర్ వెనక 14 మిల్లీమీటర్ల తలతో ఒక మూత బోల్టు ఉంటుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల ఎలన్ కీ (ఆరు పలకల తాళం) పట్టే స్క్రూ కనిపిస్తుంది. ప్యాడ్లు డిస్క్‌ని పట్టేదాకా దాన్ని గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. రెండు వైపులా ఇది అయ్యాకే కేబుల్ జోలికి వెళ్లండి. హ్యాండ్ బ్రేక్ 5 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి.

కేబుల్ విప్పేశాక కూడా లివర్ వేలితో కదపలేనంత బిగుసుకుని ఉంటే, అది తిరిగే షాఫ్ట్‌కి తుప్పు పట్టింది. అక్టోబరు చివరి నుంచి ఇక్కడ రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు చేరే చోటు సరిగ్గా అదే. ఇలాంటప్పుడు మాత్రం కాలిపర్ విప్పి రిపేరు చేయాలి, లేదా రీకండిషన్ చేసినది వేయాలి.

అపోహ: కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కేయొచ్చు.

ముందు చక్రాలకైతే సరే. వెనక మాత్రం వద్దు. పైన చెప్పిన ఎలన్ స్క్రూని ఎదురు దిక్కులో తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. బలంగా నొక్కితే లోపలి మెకానిజం విరుగుతుంది.

అపోహ: తుప్పు వదిలించే స్ప్రే కొడితే పిస్టన్, పిన్నులు వదులుతాయి.

దయచేసి వద్దు. స్ప్రే డిస్క్ మీదో ప్యాడ్ మీదో పడితే బ్రేకు పట్టదు. ప్యాడ్ పీల్చుకున్న నూనె పోదు, ప్యాడ్ మార్చాల్సిందే. రెండో నష్టం ఆలస్యంగా తెలుస్తుంది. బ్రేకు సీళ్లకు వాడే రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్, సీళ్ల దగ్గర రెడ్ రబ్బర్ గ్రీజు, స్లైడ్ పిన్నులకు సిలికోన్ గ్రీజు వాడండి. మామూలు గ్రీజు డబ్బాని ఈ పనికి తెరవకండి.

పిస్టన్ మీద తుప్పు గుంటలు పడితే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయడం కూడా ఇలాంటిదే. గుంటల అంచులు కొత్త సీలుని కోసేస్తాయి. పిస్టన్ మార్చండి.

అపోహ: ఎంఓటీ పాసైంది కాబట్టి బ్రేకులు బాగున్నట్టే.

ఎంఓటీ అంటే బ్రిటన్‌లో కార్లకు ఏటా జరిపే తప్పనిసరి పరీక్ష. ఇందులో రోలర్ల మీద ఒకే యాక్సిల్ రెండు చక్రాల బ్రేకు బలాన్ని పోలుస్తారు. తేడా 30 శాతం దాటితే ఫెయిల్. ఇలాంటి కార్లకు హ్యాండ్ బ్రేక్ సామర్థ్యం (కారు బరువుతో పోలిస్తే బ్రేకు బలం) కనీసం 16 శాతం ఉండాలి. మంచి పరీక్షే, కానీ అది ఆ రోజు లెక్క. సెప్టెంబరులో పాసైన కారుని నవంబరులో తడిగానే తెచ్చి గ్యారేజీలో పెట్టి తలుపు వేస్తే, మార్చిలో నాకు ఫోన్ వస్తుంది.

అపోహ: నెలల తరబడి పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి పెట్టాలి.

సరిగ్గా అదే చేయకూడదు. ప్యాడ్‌నీ డిస్క్‌నీ తడితో కలిపి నెలల పాటు నొక్కి పెట్టినట్టవుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానాకాలమంతా కారు వదిలి విదేశాలకు వెళ్లేవాళ్లకు కూడా ఇదే చెప్తాను. కడిగిన కారైతే పెట్టే ముందు కాసేపు నడిపి, బ్రేకులు నొక్కుతూ డిస్కులు ఆరనివ్వండి. చదునైన చోట ఆపి, మొదటి గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. తాళం ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచితే, దిమ్మలు ఉన్నాయన్న చీటీ స్టీరింగ్ మీద అంటించండి.