చలికాలం నడక, అరిసెల మీద మనసు: అపోహలు - వాస్తవాలు

ధనుర్మాసంలో తెల్లవారుతూనే అనకాపల్లి చుట్టుపక్కల పొలం గట్ల మీద నడిస్తే, బెల్లం పెనాల దగ్గర మరిగే చెరకు రసం వాసన ముక్కును పట్టేస్తుంది. అరిసెల మీదికి మనసు పోయేది అక్కడే. బెల్లం కొనడంలో, పాకం పట్టడంలో తప్పులు జరిగేది మాత్రం ఇదిగో, ఈ మాటలు నమ్మి.

అపోహ: పసుపుపచ్చగా మెరిసేదే మేలురకం బెల్లం.

వాస్తవం: రసంలో కాస్త సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీసేసి దగ్గరపడనిస్తే సాధారణంగా గోధుమ రంగే వస్తుంది. నిమ్మపండు రంగు కోసం కొందరు హైడ్రోస్ అనే, రంగు విరిచే రసాయనం కలుపుతారు. గాలి తగిలితే ఆ దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. అలాగని నల్లనిదల్లా మంచిదీ కాదు. పెనం అడుగున మాడిన రసం బెల్లమూ నల్లగానే ఉంటుంది. చిటికెడు నోట్లో వేసుకుంటే చేదు తెలిసిపోతుంది. అరిసెలకు పలుకులుగా రాలేది వద్దు. వేలికి అంటుకునే జిగురు బెల్లం అడగండి.

అపోహ: అరిసెలు గట్టిపడితే తప్పంతా బెల్లానిదే.

వాస్తవం: చాలాసార్లు తప్పు పిండిది, లేదంటే పాకానిది. కిలో బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. వడకట్టి గుడ్డ మీద పరిచి, తడి ఉండగానే పిండి పట్టించి జల్లించాలి. పిడికిట పట్టుకుంటే పిండి ముద్దగా నిలవాలి. ఆరిపోతే పాకాన్ని పీల్చేసుకుని అరిసె బిరుసెక్కుతుంది. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి దీనికి పనికిరాదు.

బెల్లం ముప్పావు కిలో, నీళ్లు ఒక గ్లాసు. కరిగాక వడగట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేస్తే వేళ్లతో మెత్తని ఉండ చేయగలగాలి. అది సుమారు 115 డిగ్రీల సెల్సియస్. ఉండ పళ్లేనికి కొడితే టంగుమని మోగిందంటే ముదిరిపోయినట్టే. దించాక పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో కలపండి, గుప్పెడు పిండి పక్కన ఉంచుకోండి. ముందుగా ఒకే అరిసె వేసి చూడండి. నూనెలో విచ్చిపోతే పాకం లేత, ఆ గుప్పెడూ కలపండి. చలిమిడి బిగిస్తే గోరువెచ్చని పాలు చిలకరించండి.

అపోహ: బెల్లం కాబట్టి షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు, పైగా పొద్దున నడిచాం కదా!

వాస్తవం: బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. అరగంట నడకకు ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 150 కేలరీలు. నూనె పీల్చిన 40 గ్రాముల అరిసె ఒక్కటే ఆ లెక్క దాటిస్తుంది. చెక్కల మధ్య గట్టిగా ఒత్తి నూనె కార్చేస్తే కాస్త నయం.

అపోహ: చలికాలం తీపి కావాలంటే పొయ్యి వెలిగించాల్సిందే.

వాస్తవం: దారి పక్కన తేగలు తవ్వేచోట ఆగండి. మొలకెత్తిన తాటి టెంకను చీలిస్తే దొరికే తెల్లని బుర్రగుంజును పచ్చిగానే తింటారు. తేగను మాత్రం కాల్చో ఉడికించో తినాలి. ముదురు తేగలో పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, లేతవి ఏరుకోండి.