ప్రదర్శన మండపంలో వెలుతురు: అపోహలు – వాస్తవాలు

ప్రదర్శనశాలలకూ తాత్కాలిక మండపాలకూ వెలుతురు రూపొందించడం నా వృత్తి. గోదావరి డెల్టా నిర్మాణాల మీద ఏర్పాటైన ఒక ప్రదర్శనకు కోనసీమలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న కొబ్బరితోటలో పనిచేశాను. వెదురుతో అల్లి తాటాకు కప్పిన ఆ మండపం దూరం నుంచి బోర్లించిన నావలా కనిపించేది. దగ్గరికి వెళితే దాని గోడ ఎక్కడ ముగిసి కప్పు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. లోపల మండువా లోగిళ్ళ కొయ్య నమూనాలు, వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టు నమూనా, చేత్తో గీసి నీటిరంగులు వేసిన పటాలు ఉన్నాయి. పని జరిగిన రోజుల్లో నిర్వాహకులు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు నమ్మకంగా చెప్పిన కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇవే మాటలను నేను పెద్ద నగరాల్లోనూ విన్నాను.

అపోహ: వెలుతురు ఎంత ఎక్కువగా ఉంటే వస్తువు అంత బాగా కనిపిస్తుంది.

కన్ను వెలుతురు పరిమాణాన్ని కొలవదు. పక్కపక్కన ఉన్న ఉపరితలాల మధ్య తేడాను పట్టుకుంటుంది. ఒక నమూనా మీద 200 లక్స్ (ఉపరితలం మీద పడే వెలుతురుకు కొలమానం) పడుతూ దాని వెనుక గోడ మీద 30 లక్స్ మాత్రమే ఉంటే చూపు దానంతటదే నమూనా మీదికి వెళుతుంది. అదే గోడ మీద కూడా 200 లక్స్ పడితే, నమూనా మీద వెలుతురు ఏమీ తగ్గకపోయినా అది మసకబారినట్టు అనిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘ఇంకో రెండు ఫోకస్ లైట్లు వేసేద్దామాండీ’ అంటారు. ఆ రెండూ వేశాక గోడ ఇంకా తెల్లబడుతుంది, నమూనా ఇంకా వెనక్కి పోతుంది.

అసలు సమస్య తరచుగా మండపం లోపల కాక ద్వారం దగ్గర ఉంటుంది. డెల్టాలో మేఘం లేని మధ్యాహ్నం బయట దాదాపు 1,00,000 లక్స్ వెలుతురు ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క అడుగులో 50 లక్స్ గదిలోకి వచ్చినవారికి మొదట చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఆ తేడాకు కన్ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మన మండువా ఇళ్ళు ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించాయి. ఎండలో నుంచి వచ్చిన మనిషి ముందు వీధి అరుగు నీడలోకి, ఆపైన వసారాలోకి, నడవాలోకి వచ్చి, అప్పుడు ఆకాశం నుంచి వెలుగు దిగే మండువా చుట్టూ తిరిగి గదుల్లోకి వెళతాడు. ఒక్కో మెట్టులో వెలుతురు తగ్గుతుంది, కంటికి ఒక్కో విరామం దొరుకుతుంది. కొబ్బరితోటలోని మండపానికి కూడా ద్వారం ముందు పన్నెండు అడుగుల పొడవున తాటాకు పందిరి వేయించి, లోపలి మొదటి మలుపులో నమూనాలేవీ పెట్టకుండా పరిచయ వాక్యాల పలకను మాత్రమే ఉంచాము. ఆ పలక చదివేలోగా కన్ను సిద్ధమవుతుంది. ఈ పందిరి వల్ల వచ్చిన ప్రయోజనం ఎన్ని దీపాలు కొన్నా వచ్చేది కాదని నా నమ్మకం.

అయితే వివరణ పలకల విషయంలో నేను పొదుపు పాటించను. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటిలో రెటీనాను చేరే వెలుతురు సుమారు మూడో వంతే. పలక పాడైతే మళ్ళీ అచ్చు వేయించవచ్చు కాబట్టి దానికి పటం కంటే ఎక్కువ వెలుతురు ఇవ్వడంలో తప్పు లేదు.

అపోహ: వంపులు తిరిగిన మండపం అందంగా కనిపించాలంటే అన్ని వైపుల నుంచీ దీపాలు వేయాలి.

శిల్పంలాంటి ఆకారాన్ని చూపించేది వెలుతురు ఒక్కటే కాదు, దాని పక్కన పడే నీడ కూడా. నాలుగు వైపుల నుంచీ సమానంగా కాంతి పడితే వంపు ఉబ్బుగానూ కనిపించదు, లోతుగానూ కనిపించదు. బల్లపరుపు బొమ్మలా తేలిపోతుంది. ఫ్లడ్‌లైట్లు చుట్టూ నిలబెట్టిన గోపురాల ఫొటోల్లో శిల్పాలన్నీ అతికించిన కాగితాల్లా కనిపించడానికి కారణం ఇదే.

ఆ మండపం ఆకారం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. గుర్రపు జీనులా రెండు దిక్కుల్లో ఎదురెదురుగా వంగే ఉపరితలాన్ని గణితంలో హైపర్‌బోలిక్ పారాబొలాయిడ్ అంటారు. దాని గొప్పతనం ఏమిటంటే, వంగిన ఆ ఉపరితలాన్ని పూర్తిగా తిన్నని గీతలతోనే అల్లవచ్చు. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో వాస్తుశిల్పి ల కార్బూజియే కార్యాలయం తరఫున యానిస్ జెనాకిస్ రూపొందించిన ఫిలిప్స్ పెవిలియన్ ఈ ఆకారాలతోనే నిలబడింది. మన దగ్గర వెదురు బద్దలను వంచకుండా ఒక్కోదాని వాలును కొద్దికొద్దిగా మారుస్తూ కడుతూ పోతే అదే ఆకారం వస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళే ప్రభలను వెదురుతో కట్టడం చూసినవారికి, తిన్నని బద్దలకు చేతితో ఎంత ఆకారం ఇవ్వవచ్చో చెప్పనక్కరలేదు.

ఇలాంటి గోడకు ఎదురుగా దీపం పెడితే బద్దల అల్లిక మాయమవుతుంది. దీపాన్ని గోడ అడుగున, గోడకు ఒక జానెడు దూరంలో పెట్టి కాంతిని గోడ వెంబడే పైకి పాకిస్తే, ప్రతి బద్దా తన పక్కన సన్నని నీడ గీత వేస్తుంది. ఆ గీతలు వంపుతో పాటు తిరుగుతూ ఆకారాన్ని చదివిస్తాయి. దీపాన్ని అటూ ఇటూ ఒక్క అంగుళం జరిపినా నీడ మారుతుంది కాబట్టి ఈ పనిని కాగితం మీద ముగించలేము. ఈ పద్ధతికి ఒక ఇబ్బంది కూడా ఉంది: అల్లికలో ఉన్న ప్రతి లోపాన్నీ ఈ వెలుతురు పెద్దది చేసి చూపిస్తుంది. వెదురు పని చేసేవారికి ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. చెప్పిన తర్వాత ఆ వైపు అల్లికను వారే రెండోసారి విప్పి కట్టారు.

అపోహ: ఉత్తరం వైపు తెరిచిన కప్పు నుంచి నేరుగా ఎండ రాదు; రోజంతా సమానమైన వెలుగు వస్తుంది.

ఈ సూత్రం పాశ్చాత్య పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది, అక్కడి అక్షాంశాలకు చాలా వరకు సరైనదే. మనకు సరికాదు. గోదావరి డెల్టా సుమారు 16.5 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే కర్కట రేఖకు దక్షిణాన ఉంది. అందువల్ల మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మార్చి చివర నుంచి సెప్టెంబరు చివర దాకా ఉదయమూ సాయంత్రమూ కూడా సూర్యుడు తూర్పు పడమరలకు ఉత్తరంగానే ఉదయించి అస్తమిస్తాడు. కాబట్టి జూన్‌లో జరిగే ప్రదర్శనకు ఉత్తరపు కిటికీ ఎండ కిటికీయే. దక్షిణపు తెరుపు మాత్రం ఆ నెలలో మధ్యాహ్నం నీడలో ఉండి, డిసెంబరులో సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకే పరిమితమైనప్పుడు లోపలికి ఎండను తెస్తుంది. ప్రదర్శన ఏ నెలలోనో తెలియకుండా కప్పులో తెరుపు ఎటు ఉండాలో నిర్ణయించడం నాకు సమ్మతం కాదు.

ఎండను పూర్తిగా మూసేయడం కూడా పరిష్కారం కాదు. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో వాస్తుశిల్పి లూయీ కాన్ రూపొందించగా 1972లో ప్రారంభమైన కింబెల్ కళా మ్యూజియంలో కప్పు శిఖరం పొడవునా సన్నని చీలిక ఉంటుంది. దాని కింద రంధ్రాల అల్యూమినియం రేకు వచ్చిన ఎండను వెనక్కి, కాంక్రీటు కప్పు లోపలి వంపు మీదికి పంపుతుంది. చిత్రాల మీదికి దిగేది ఆ వంపు నుంచి మెత్తబడిన వెలుగే. ఆ అమరికలో కాన్‌కు తోడ్పడినవాడు రిచర్డ్ కెల్లీ అనే వెలుతురు రూపకర్త. మేము అంత ఖర్చు లేకుండా, కప్పు తెరుపు కింద సున్నం పూసిన తడకను వాలుగా కట్టి అదే సూత్రాన్ని వాడుకున్నాము.

అపోహ: ఎన్ని వాట్లు అని చూసి దీపం కొంటే సరిపోతుంది.

వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, వెలుతురును కాదు. నమూనా మీద ఎంత కాంతి పడుతుందో చెప్పేవి దీపం కిరణ కోణమూ దూరమూ. 3 మీటర్ల దూరంలో 10 డిగ్రీల కిరణం అర మీటరు వెడల్పున పడుతుంది. 36 డిగ్రీల కిరణం దాదాపు 2 మీటర్లకు విస్తరిస్తుంది. ఒక స్పాట్‌లైటు 3 మీటర్ల దూరంలో 1,000 లక్స్ ఇస్తే, దాన్నే 6 మీటర్లకు జరిపినప్పుడు 500 కాదు, 250 లక్సే ఇస్తుంది.

అపోహ: ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది కాబట్టి పటాలకు హాని చేయదు.

ఎల్‌ఈడీ కిరణంలో వేడీ అతినీలలోహిత కాంతీ దాదాపు లేవన్నది నిజమే. కానీ నీటిరంగులనూ కాగితాన్నీ వెలవెలబోయేలా చేసేది కంటికి కనిపించే కాంతి కూడా, ఆ నష్టం రోజురోజుకూ కూడుతూ పోతుంది. మ్యూజియాలు కాగితానికి 50 లక్స్ పాటించడం ఇందుకే. రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులు 50 లక్స్ వెలుతురు ఇస్తే పటానికి మొత్తం 12,000 లక్స్-గంటలు చేరతాయి. 200 లక్స్ ఇస్తే అదే మోతాదు ఏడున్నర రోజుల్లో చేరుతుంది. కప్పు సందులోంచి 3,000 లక్స్ పగటి వెలుగు పడితే నాలుగు గంటలు చాలు. సందర్శకులు లేని వేళ దీపాలు ఆర్పడం, పటాలకు నూలు తెర వేయడం చాదస్తం కాదు.

వేడి మాట కూడా పూర్తి నిజం కాదు. కిరణంలో లేని వేడి దీపం వెనుక భాగంలోనూ, దానికి తగిన కరెంటు అందించే పరికరమైన డ్రైవర్‌లోనూ చేరుతుంది. తాటాకు కప్పు కింద డ్రైవర్లను ఆకుకు తాకేలా ఎన్నడూ పెట్టకూడదు. వాటిని నేలకు దగ్గరగా, గాలి ఆడే ఇనుప పెట్టెలో ఉంచితే ప్రమాదమూ తగ్గుతుంది, డ్రైవర్ ఆయుష్షూ పెరుగుతుంది.

రంగుల విషయం ఒక్క మాటలో చెబుతాను. దీపం రంగులను ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్‌ఐ. సీఆర్‌ఐ 90 అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన ఎరుపు సరిగా పలుకుతుందని కాదు, ఎందుకంటే ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. పెంకు, ఇటుక, టేకు ఉన్న ప్రదర్శనకు ముదురు ఎరుపును విడిగా చెప్పే ఆర్9 అంకెను అడిగి తీసుకోవాలి.

అపోహ: ఐపీ 65 దీపమైతే వానకు భయం లేదు.

ఐపీ అంటే దుమ్మూ నీరూ లోపలికి రాకుండా ఉండే రక్షణ స్థాయి. ఆ అంకెల్లో 6 దుమ్ము చొరబడదని, 5 నీటి ధార తట్టుకుంటుందని చెబుతాయి. డెల్టా గాలిలోని తేమ గురించి అవి ఏమీ చెప్పవు. వెలుగుతున్న దీపంలో గాలి వేడెక్కి వ్యాకోచించి బయటకు పోతుంది. ఒక్కసారిగా వాన పడి దీపం చల్లారగానే కేబుల్ దూరే సందు నుంచి చెమ్మగాలిని లోపలికి పీల్చుకుంటుంది. రెండు వారాల్లో అద్దం లోపల చెమటలా నీటిబొట్లు కనిపిస్తాయి. గాలిని పోనిచ్చి నీటిని ఆపే పొర ఉన్న గ్లాండ్ (కేబుల్ దూరే చోట బిగించే బిగింపు) వాడటం, కేబుల్‌ను దీపం కంటే కిందికి వంపు తిప్పి తేవడం దీనికి మందు. అంతర్వేది వంటి సముద్రతీరంలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది కాబట్టి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు లేకుండా బయట ఏదీ బిగించను. తడినేల మీద నడిచే జనం ఉన్నచోట కరెంటు లీకైతే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ విషయంలో బేరం ఉండకూడదు.

వరి పొలాల మధ్య పని చేస్తే పురుగులనూ లెక్కలోకి తీసుకోవాలి. తొలకరికి ఉసుళ్ళు, చేను పండే రోజుల్లో పచ్చదీపపు పురుగులు గుంపులుగా వస్తాయి. నీలం పాలు ఎక్కువున్న తెల్లని దీపాలు వాటిని ఎక్కువగా పిలుస్తాయి. ద్వారం దగ్గర 2,700 కెల్విన్ల పసుపు వెలుగు పెడితే రాక తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

అపోహ: దీపాలు ఎలాగూ చివర్లో బిగిస్తారు కాబట్టి ఆ సంగతి చివర్లో మాట్లాడుకోవచ్చు.

కేబుల్ దారీ దీపం కూర్చునే గుంటా వెదురు అల్లే రోజే నిర్ణయం కావాలి. చివరికి మిగలవలసింది దీపాలను గురిపెట్టే పని ఒక్కటే, దానికి నమూనాలన్నీ తమ చోట చేరిన తర్వాత రెండు పూర్తి రాత్రులు కావాలి. ఒకరు నిచ్చెన మీద ఉంటే మరొకరు సందర్శకుడు నిలబడే చోట నిలబడి, పిల్లల ఎత్తుకు వంగి, చక్రాల కుర్చీ ఎత్తుకు కూర్చుని, కంటిలోకి మెరుపు కొడుతోందేమో చూడాలి. కొబ్బరితోటలో రెండో రాత్రి అక్విడక్టు నమూనా ముందు చాలాసేపు నిలబడ్డాము. మూడు దీపాలు వెలుగుతున్నా కమానుల లోతు తెలియడం లేదు. ఎడమవైపు రెండూ ఆర్పాక, కుడి దీపం వేసిన నీడలు ఒక్కో కమాను కిందుగా నేలదాకా పరచుకున్నాయి. ఆ రెండు దీపాలనూ విప్పించాము. వాటి తీగలను మాత్రం చివరలు మూసి అక్కడే ఉంచాము, ముసురు పట్టి కప్పు నుంచి పగటి వెలుగు రాని రోజున వాటి అవసరం పడవచ్చని.