సపోర్ట్ ఆగిపోయే ఓఎస్ ఫోన్లు కంపెనీకి కొనొచ్చా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు, విజయవాడ మందుల డిస్ట్రిబ్యూటర్లకు స్కానింగ్ యాప్‌లు చేసిపెట్టడం నా పని. "పాత ఓఎస్ ఫోన్లు సగం రేటుకే వస్తున్నాయండీ, తీసుకోమంటారా?" అని తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఓఎస్ అంటే ఫోన్‌ని నడిపించే ఆండ్రాయిడ్, విండోస్ లాంటి సాఫ్ట్‌వేర్. సపోర్ట్ ఆగడమంటే దానికి అప్‌డేట్లు రావడం ఆగిపోవడం.

అపోహ: సగం రేటంటే సగం ఖర్చు.

వాస్తవం: తగ్గేది ఫోన్ రేటు ఒక్కటే. యాప్ రాయించడం, స్టాఫ్‌కి నేర్పడం తగ్గవు. ఓఎస్ మారితే ఆ రెండూ మళ్లీ మొదటికొస్తాయి. విండోస్ మొబైల్ 6.5 యాప్‌లు 2010లో వచ్చిన విండోస్ ఫోన్ 7లో నడవలేదు. ఆ 7 ఫోన్లకు 2012లో వచ్చిన 8 ఎక్కలేదు.

అపోహ: సపోర్ట్ ఆగినా ఫోన్ పనిచేస్తుంది కదా!

వాస్తవం: పనిచేస్తుంది. దాని చుట్టూ ఉన్నవే మారిపోతాయి. 2024 మార్చి, మిర్చి సీజన్. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ముందు టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు బారులు తీరాయి. గుమాస్తా స్కాన్ చేస్తే బీప్ వస్తోంది, ఎంట్రీ మాత్రం సర్వర్‌కి వెళ్లడం లేదు. పొద్దుటంతా వైఫైని తిట్టుకున్నాం. తీరా చూస్తే, మా సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని ఫోన్‌కి చెప్పే డిజిటల్ గుర్తింపు) అంతకుముందు రోజే రెన్యూ అయింది. ఆ సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఫిబ్రవరి 8 నుంచి పాత రూట్‌తో (ఫోన్‌లో ముందే ఉండే, మిగతావాటిని నమ్మడానికి ఆధారమైన మూల సర్టిఫికెట్‌తో) కలిపి డిఫాల్ట్‌గా ఇవ్వడం మానేశారు. వాళ్ల కొత్త రూట్ ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో ఉండదు. అక్కడున్నవన్నీ ఆండ్రాయిడ్ 6. ఒక్కో ఫోన్‌లో రూట్ సర్టిఫికెట్ చేత్తో ఎక్కించాం. దానికి స్క్రీన్ లాక్ తప్పనిసరి. ఇక ఆ సీజనంతా కారం అంటిన వేళ్లతో, ఫోన్ లాక్ అయినప్పుడల్లా పిన్ కొట్టాల్సి వచ్చింది పాపం ఆ కుర్రాడికి. ఆ టెన్షన్ ముందు ఫోన్ల మీద మిగిలిన డబ్బు ఎంతని?

అపోహ: నెట్ అక్కర్లేని పనికి ఏదైనా ఒకటే.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. గోడౌన్ లోపలే తిరిగే పాత ఫోన్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, బ్యాటరీలు పోయేదాకా వాడుకోండి, పారేయమని నేను చెప్పను. కొత్తగా మాత్రం వాటితో మొదలుపెట్టొద్దు.

అపోహ: అప్‌డేట్ వస్తుందని సేల్స్ అబ్బాయి మాటిచ్చాడు.

వాస్తవం: సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ వరకో కొటేషన్ మీద రాయించండి. రాయనంటే ఆ ఫోన్లు తీసుకోకండి.