తత్వశాస్త్రం చదివితే ఏమొస్తుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

తత్వశాస్త్రం బోధిస్తానని చెప్పగానే కొందరు జీవితం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. మిగతావాళ్లు జాలిగా చూస్తారు. ఆ రెండింటి వెనకా ఉన్న అపోహలివి.

అపోహ: ఇందులో ఎవరి అభిప్రాయం వాళ్లది, తప్పొప్పులుండవు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ చికాకుపెట్టేది ఇదే. మా క్లాసులో "నాకలా అనిపిస్తోంది" అంటే సరిపోదు. ఎందుకనిపిస్తోందో చెప్పాలి, ఆ కారణం నిలబడాలి. జ్ఞానం అంటే ఏమిటని అడిగితే, తగిన ఆధారం ఉన్న నిజమైన నమ్మకం అంటారు విద్యార్థులు. బాగానే ఉంది. గోడ గడియారం నిన్న మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయిందనుకోండి. ఆ సంగతి తెలియక ఈరోజు సరిగ్గా రెండింటికే దాన్ని చూసి, టైమ్ రెండయిందనుకున్నారు. నమ్మకం నిజమే, ఆధారమూ ఉంది. మరి టైమ్ మీకు తెలిసినట్టేనా? ఈ గడియారం ఉదాహరణ బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్‌ది. ఇలాంటి చిక్కులే రెండు చూపిస్తూ 1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ రాసిన మూడు పేజీల వ్యాసం ఆ నిర్వచనాన్ని కుదిపేసింది. "ఆగిపోయిన గడియారం అసలు ఆధారమే కాదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సరే, మరి గడియారం చూసిన ప్రతిసారీ అది నడుస్తోందో లేదో పరీక్షించాకే నమ్మాలా? అలాగైతే మనకు తెలుసు అనుకునేవాటిలో ఎన్ని మిగులుతాయి? ఇక గంట ఎలా గడిచిపోతుందో తెలియదు.

అపోహ: చదివితే వైరాగ్యం వస్తుంది.

వాస్తవం: నా దగ్గర చదివినవాళ్లెవరూ సన్యాసం పుచ్చుకున్నట్టు లేదు. పరలోకమే లేదన్న చార్వాకులూ తత్వవేత్తలే.

అపోహ: ఎప్పటికీ తేలని ప్రశ్నల చుట్టూ తిరగడమే.

వాస్తవం: కొన్ని తేలవు, నిజమే. తేలడం మొదలైనవి మాత్రం వేరుకాపురం పెట్టేస్తాయి. 1687లో న్యూటన్ తన గ్రంథం పేరులో 'ప్రకృతి తత్వశాస్త్రం' అనే రాసుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఫిజిక్స్ అంటున్నాం. అంకగణితానికి పునాది తర్కంలో ఉందని చూపించాలని జర్మన్ గణితవేత్త, తత్వవేత్త ఫ్రెగె 1879లో ఒక సంకేత భాష తయారుచేశాడు. ఆయన అనుకున్న పని పూర్తిగా నెరవేరలేదు. కానీ ఆధునిక తర్కం అక్కడే మొదలైంది, అది లేకుండా కంప్యూటర్ సైన్స్ లేదు.

అపోహ: వాదించి గెలవడానికి పనికొస్తుంది.

వాస్తవం: గెలుపే కావాలంటే ఇంత చదువక్కర్లేదు. మన న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, ఈ తేడా ఎప్పుడో చెప్పారు: సత్యం తేల్చుకోడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ణి ఖండించడం వితండ. మా దగ్గర పరీక్ష పూర్వపక్షంతోనే మొదలవుతుంది. మీకు నచ్చని వాదాన్ని, దాన్ని నమ్మేవాళ్లు "అవును, మేమనేది ఇదే" అనేలా ముందు రాయాలి. చాలామందికి ఇక్కడే చెమటలు పడతాయి.

అపోహ: ఉద్యోగాలు రావు.

వాస్తవం: ఈ సబ్జెక్టు పేరుతో ఉన్న ఉద్యోగాలు తక్కువే, అవీ ఎక్కువగా బోధనలోనే. ఇందులో దాచేదేమీ లేదు. అందుకే చేరేవాళ్లకి లా, జర్నలిజం, కోడింగ్ లాంటిది ఏదో ఒకటి తోడుగా నేర్చుకోమని మొదటి వారంలోనే చెబుతాను. ఒప్పందం చదువుతున్నా, రిపోర్టు చదువుతున్నా 'కాబట్టి' అన్న మాట దగ్గర ఆగి, పైన చెప్పినదాన్నుంచి ఇది నిజంగా వస్తోందా అని చూసే అలవాటు ఆ పనులన్నిటికీ కావాలి.