విశాఖ ఇంటి పన్నుకీ రాష్ట్రం అప్పుకీ లింకేంటి?

ఇంటి పన్ను పెరిగినప్పుడల్లా విశాఖలో జనం తిట్టుకునేది జీవీఎంసీనే (మన నగర కార్పొరేషన్), నోటీసు మీద ఉండేది దాని పేరే కదా. కానీ 2021లో మొదలైన ఈ పెంపు కథ వెనక్కి తిప్పితే కార్పొరేషన్ ఆఫీసు దగ్గర ఆగదు, రాష్ట్రం ఖజానా మీదుగా ఢిల్లీ దాకా పోతుంది.

రాష్ట్రానికి తన ఇష్టంతో పెంచుకునే పన్నులు పెద్దగా మిగల్లేదు. 2014లో విభజనతో హైదరాబాద్ ఆదాయం పోయింది, 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఆ రేట్లన్నీ కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ చేతికి వెళ్లాయి, ఇక చేతిలో ఉన్నవి పెట్రోలు డీజిల్ వ్యాటూ, మందూ, రిజిస్ట్రేషన్లూ, బండ్ల ట్యాక్సూ. ఊళ్లోనే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్నా పెట్రోలు బంకులో మనకి అంత బాదుడు అందుకే మరి. చాలకపోతే అప్పు. అదీ ఇష్టమొచ్చినంత తేవడానికి లేదు, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు చెయ్యాలంటే రాజ్యాంగం 293(3) ప్రకారం కేంద్రం సరే అనాలి, మామూలుగా జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్రం ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో, 3 శాతం లోపు.

2020లో కరోనా లాక్‌డౌన్‌కి రాష్ట్రాల ఆదాయం పడిపోయింది. మే నెలలో కేంద్రం ఆ 3 శాతాన్ని 5కి పెంచింది గానీ ఊరికే కాదు. అందులో కొంత భాగం నాలుగు సంస్కరణలకి ముడిపెట్టింది: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార అనుమతులు, కరెంటు, పట్టణాలు. ఒక్కోటి పూర్తి చేస్తే 0.25 శాతం అదనపు అప్పు. పట్టణాల షరతు ఏంటంటే ఇంటి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ వాల్యూకి తగ్గట్టు ఉండాలి, నీళ్లు, డ్రైనేజీ చార్జీలు ఖర్చుకి తగ్గట్టు ఉండాలి, రెండూ ఎప్పటికప్పుడు పెరిగే ఏర్పాటు ఉండాలి.

ఆంధ్రా ఆలస్యం చెయ్యలేదు. 2020 చివరికల్లా మున్సిపల్ చట్టాలు సవరించేసి, ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న లెక్క తీసేసి క్యాపిటల్ వాల్యూ లెక్క, అంటే రిజిస్ట్రేషన్ వాల్యూని బట్టి ఆస్తి ధర లెక్క, పెట్టేశారు, ఇళ్లకైతే విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. 2021 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ప్రకటించింది, ఈ సంస్కరణ ముందుగా పూర్తి చేసిన రెండు రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ అని, మనకి 2,525 కోట్ల అదనపు అప్పుకి పర్మిషన్ వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త పన్ను.

నాకు ఎక్కువ మండేది ఇక్కడ. చట్టం మారినప్పుడు విశాఖలో అడగడానికి కార్పొరేటరే లేడు. 2012లో కార్పొరేషన్ పాత కౌన్సిల్ గడువు అయిపోయాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో, అంటే కొత్తోళ్లు వచ్చి కూర్చునేసరికి పన్ను రెడీగా ఉంది. జూన్‌లో కాలనీ సంఘాలు, వామపక్షాలు రోడ్డెక్కితే ప్రభుత్వం చెప్పింది ఏంటంటే ఏ ఏడాదైనా పెంపు 15 శాతం దాటదు అని. వినడానికి బాగానే ఉంది, కానీ భూముల రేట్లు మండిపోయే ఈ ఊళ్లో కొత్త లెక్క ప్రకారం పడే పన్ను పాతదానికి చాలా పైన ఉంటుంది, దాన్ని అందుకునేదాకా ఏటా 15 శాతం చొప్పున ఎక్కుతూనే ఉండాలి.

ప్రభుత్వం వైపు కూడా ఒక మాట ఉంది, అది నిజమే. ఇళ్ల మీద పన్ను 2002 తర్వాత సవరించలేదు, పైగా వసూలైన డబ్బు కార్పొరేషన్‌కే పోతుంది, రాష్ట్రానికి కాదు. రాష్ట్రానికి దక్కింది అప్పు చేసుకునే వీలు. అంటే కట్టేది మనం, పనులు జరిగితే జీవీఎంసీకి పేరు, అదనపు అప్పు ఖజానాకి. తీర్చాల్సింది మళ్లీ మనమే అనుకోండి.

2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పారిశుధ్య ప్రోగ్రాంతో పాటు ఇంటికి నెలకి 120 రూపాయల చెత్త పన్ను కూడా వచ్చింది, దాని మీద జనం ఎంత గోల చేశారంటే అది ఎన్నికల హామీ అయిపోయి 2024లో కూటమి ప్రభుత్వం రద్దు చేసేసింది. నెలనెలా ఇంటికొచ్చి అడిగే డబ్బు కాబట్టి అందరికీ కనిపించింది. ఇంటి పన్ను అలా కాదు, రిజిస్ట్రేషన్ వాల్యూకి కట్టేసి ఉంది, ఆ వాల్యూ పెంచేది రాష్ట్రమే. 2025 ఫిబ్రవరి 1న ఒకసారి పెంచింది కూడా.