ల్యాబ్ రిపోర్టులో చివరి గడి: ఆక్వా రైతుల అపోహలు - వాస్తవాలు

"ఏమ్మా, పక్క షాపులో ఊరికే చేస్తుంటే నువ్వు డబ్బులు తీసుకుంటావేంటి?"

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ నాది. వారానికి ఒక్కసారైనా ఈ మాట వింటాను. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. అప్పు తెచ్చి చెరువులో పోసి, అర్ధరాత్రి లేచి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే మిషను) తిరుగుతోందో లేదో చూసుకునే మనిషికి వంద రూపాయలు మిగిలినా మిగిలినట్టే. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. మన రైతుల డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: టెస్టు ఎవరు చేసినా ఒకటే. నంబరు నంబరే కదా, మందులమ్మే వాళ్ల ల్యాబ్ అయితే ఏంటి?

వాస్తవం: నంబరు చాలావరకు సరిగ్గానే ఉంటుంది. వ్యాపారం చేయి పెట్టేది నంబరు మీద కాదండీ. ఏది పరీక్షించాలి, ఏది అక్కర్లేదు, నంబరు చూశాక రైతుకు ఏం చెప్పాలి అన్న దగ్గర పెడుతుంది.

నేను చదువు అవగానే చేరింది ఒక మందుల షాపు వెనక గదిలో ఉన్న ల్యాబ్‌లో. మా ఓనరు నన్ను నంబరు మార్చమని ఒక్కరోజు కూడా అడగలేదు. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. అయితే రిపోర్టు కాగితం మీద చివరి గడి ఒకటి ముందే అచ్చేసి ఉండేది: "వాడవలసిన ప్రొడక్టు". ఆ గడి ఖాళీగా వదిలి రైతును పంపకూడదు. అంతే ఆయన పెట్టిన షరతు. పక్కన "ఉండవలసిన స్థాయి" అని ఇంకో గడి ఉండేది. అందులో హద్దులు ఎంత ఇరుగ్గా అచ్చేశారంటే, ఏ చెరువు నీళ్లు తెచ్చినా ఏదో ఒకటి హద్దు దాటేది. ఆ హద్దులు ఎక్కడివని అడిగితే కంపెనీ వాళ్లు ఇచ్చారన్నారు.

రొయ్యకు విషమైన అమ్మోనియా నీళ్లలో ఎక్కువుంటే ఆ గడిలో జియోలైట్ అనే ఖనిజం పొడి రాసేదాన్ని, ఎకరానికి 20 కిలోలు. పాంప్లెట్ మీద గ్రాఫు ఉండేది, జియోలైట్ వేశాక అమ్మోనియా సర్రున దిగిపోతున్నట్టు. ఒక పెద్దాయన నాలుగెకరాల చెరువు వాటర్ తెచ్చేవారు. వేశాక మళ్లీ తెచ్చారు, తగ్గలేదు. డోసు పెంచి రాశాను. మళ్లీ తెచ్చారు, తగ్గలేదు. "ఈసారి రెండింతలు వేద్దామా అమ్మాయ్?" అని అడిగినప్పుడు ఆయన చేతిలో షాపు బిల్లులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఆ కట్ట చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు రెండు పెయింటు బకెట్లు కడిగి పెట్టుకున్నాను. ఒకదాంట్లో కాలవ నీళ్లు పోసి కాస్త అమ్మోనియం క్లోరైడ్ కలిపాను. రెండోదాంట్లో ఆయన చెరువు నీళ్లు, సెలినిటీ, అంటే ఉప్పదనం, లీటరుకు 12 గ్రాములు. ఒక్కోదాంట్లోంచి సగం తీసి పక్కన వేరే గిన్నెల్లో జియోలైట్ వేయకుండా ఉంచాను. బకెట్లలో మాత్రం పాంప్లెట్ డోసుకు ఎన్నో రెట్లు వేశాను. సాయంత్రం కిట్‌తో చూస్తే, కాలవ నీళ్ల ట్యూబులో పచ్చరంగు బాగా పలచబడింది, అంటే అమ్మోనియా తగ్గింది. చెరువు నీళ్లలో మాత్రం జియోలైట్ వేసినదానికీ వేయనిదానికీ రంగులో తేడా కనిపించలేదు. రెండు ట్యూబులూ కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి మళ్లీ మళ్లీ చూశాను.

కారణం ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉన్నదే. జియోలైట్ అమ్మోనియంను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. ఉప్పు నీళ్లలో సోడియం ఎంత ఎక్కువంటే, అమ్మోనియంకు అక్కడ చోటే దొరకదు. నిండిపోయిన జియోలైట్‌ను మళ్లీ వాడుకోవడానికి కడిగేదే ఉప్పు నీళ్లతో! ఇంకో లెక్క కూడా చూడండి. నాలుగడుగుల లోతున్న ఎకరం చెరువులో దాదాపు 49 లక్షల లీటర్ల నీళ్లు ఉంటాయి. 20 కిలోల సంచి వేస్తే లీటరుకు పడేది 4 మిల్లీగ్రాములు. మంచినీళ్ల చెరువైనా అంతమాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అంటే ఆ పాంప్లెట్ గ్రాఫు అబద్ధం కానక్కర్లేదు. మంచినీళ్లలో, చిన్న గాజు పాత్రలో, బోలెడంత పొడి వేసి చేస్తే అలాంటి గ్రాఫే వస్తుంది. దాన్ని తెచ్చి మన ఉప్పు నీళ్ల చెరువుకి సంచులు అమ్మారు. సైన్సు మీద వ్యాపారం ప్రభావం అంటే దొంగ రిపోర్టులు, లంచాలు అనుకుంటారు చాలామంది. నేను ఎక్కువగా చూసింది మాత్రం ఇదే: నిజమైన ప్రయోగం, దానికి సంబంధం లేని చెరువు.

మరి అమ్మోనియా దేనితో తగ్గుతుంది? 35 శాతం దాకా ప్రొటీన్ ఉన్న మేత వేస్తున్నాం, అమ్మోనియా వచ్చేది అక్కడినుంచే. చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతుంటే తగ్గించాలి. ఏరేషన్ పెంచాలి. వీలుంటే నీళ్లు మార్చాలి. పీహెచ్ మీద కన్నుంచాలి. ఆ పెద్దాయన చెరువులో చివరికి పని చేసింది మేత తగ్గించడమే, మెల్లగా దిగింది. మేత తగ్గించండి అని చెప్పడానికి ఏ షాపుకీ లాభం లేదు, అందుకే ఆ గడిలో ఆ మాట ఎప్పుడూ కనపడదు. కొన్నాళ్లకు నేను ఆ ఉద్యోగం మానేశాను.

కాబట్టి ఎవరైనా కొత్త మందు తెస్తే రెండే ప్రశ్నలు అడగండి. ఏ నీళ్లలో చేశారు? వేయని చెరువుతో పోల్చి చూశారా? "ఫలానా ఊళ్లో వేశారు, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) తీశారు" అన్నది జవాబు కాదు. ఆ ఊళ్లో అదే రోజు అదే సీడ్ (రొయ్య పిల్లలు) వేసి, ఆ మందు వేయని చెరువు ఎంత కౌంట్ తీసిందో చెప్పాలి. వైట్‌స్పాట్ అనే వైరస్ రోగానికి మందుందని వచ్చేవాళ్లను అసలు ఏ ప్రశ్నా అడగక్కర్లేదు, దానికి మందు లేదు. రొయ్యను ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే రోగానికి కూడా అంతే.

అపోహ: ఎస్‌పీఎఫ్ సీడ్‌కి రోగం రాదు.

వస్తుంది. తల్లి రొయ్యల్లో ఫలానా ఫలానా రోగక్రిములు లేవని మాత్రమే దాని అర్థం. మన చెరువులో పడ్డాక కాపలా కాయాల్సింది మనమే. ఈ తేడా అమ్మేవాళ్లకు తెలుసు, విడమరిచి చెప్పరు.

అపోహ: రొయ్యల్లో యాంటీబయాటిక్ ఉందనే గొడవంతా మన రేటు దించడానికి విదేశాలవాళ్లు ఆడే నాటకం.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయి జనం హడలిపోతున్నారు. సుంకం రాజకీయమే. 2005 నుంచి అమెరికా యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసేది) వేస్తోంది, 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది. అందులో మన నీటి తప్పు గానీ రొయ్య తప్పు గానీ ఏమీ లేదు. రేటు పడిన ఆ రోజుల్లో నా ల్యాబ్ బల్ల ముందు కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు. అదే వారంలో వాట్సాప్‌లో "మన రొయ్యల్లో విషం దొరికింది, అందుకే సుంకం" అని తిప్పినవాళ్లు చేసింది పాపం. అయితే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ మాత్రం నిజంగానే మనిషి ఎముక మజ్జను దెబ్బతీయగలదు. 2016లో యూరప్ మన కన్‌సైన్‌మెంట్లలో సగం టెస్టు చేయాలని పెట్టింది. ఆ నిర్ణయం వెనక వాళ్ల వ్యాపారం ఎంతుందో వాదించుకోవచ్చు, రెసిడ్యూ (ఒంట్లో మిగిలిపోయిన మందు) ఉన్న రొయ్యను మాత్రం వెనకేసుకు రాలేం.

కొల్లేరు సంగతి కూడా ఇలాంటిదే. నేల ఎత్తు ఎంతో కొలిచి చెప్పడం సర్వేయరు పని. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యమని 1999లో తేల్చడం, మూడుకు తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానించడం ప్రభుత్వాల పని. కొలత మీద ఒకరు, నిర్ణయం మీద ఇంకొకరు మాట్లాడుతూ ఊళ్లకు ఊళ్లు కొట్లాడుకున్నారు.

ఇదంతా విని కొందరు కుర్రాళ్లు "అయితే సైన్సంతా అమ్ముడుపోయిందే అక్కా" అంటారు. అలా అనకండ్రా. పంచదార కంపెనీల సంఘం డబ్బిచ్చి, గుండె జబ్బుకు కొవ్వే కారణమని హార్వర్డ్ శాస్త్రవేత్తలతో 1967లో వ్యాసం రాయించింది, నిజమే. 2016లో పాత ఉత్తరాలు తిరగేసి దాన్ని బయటపెట్టినవాళ్లు కూడా పరిశోధకులే. అంతదూరం ఎందుకు, మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ప్రభుత్వ డబ్బుతో తయారై 1982లో విడుదలైన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, ఒరిస్సా, బెంగాల్ దాకా పాకింది. రైతు తన గింజనే దాచుకుని మళ్లీ చల్లుకోగల విత్తనం అది. ఏటా కొనక్కర్లేని విత్తనం మీద ఏ కంపెనీ అన్నేళ్లు ఖర్చు పెడుతుంది? మా నాన్న చేలో దశాబ్దాలు అదే వేశారు. మార్టేరు లాంటి చోట్ల ఖాళీ పోస్టులు నింపమని అడిగే రైతు సంఘాలు తక్కువ, మందుల మీద సబ్సిడీ అడిగేవాళ్లు ఎక్కువ. నాకు బాధగా ఉండేది అక్కడే.

నా దగ్గరికి శాంపిల్ తెచ్చేవాళ్లకు ఒక మాట. సాయంత్రం నీళ్లు ఒక్కటే తేకండి, తెల్లవారుజామున తీసినవి కూడా తెండి, పీహెచ్ పూటపూటకూ మారుతుంది. పీహెచ్ 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో రొయ్యను చంపే రూపం ఏడు శాతం చుట్టుపక్కల ఉంటుంది, 9కి వెళ్తే 40 దగ్గరికి చేరుతుంది. ఒక్క పూట నీళ్లు చూసి నేను ఏం చెప్పినా సగమే అవుతుంది. సీసా అంచుదాకా నింపి గాలి లేకుండా మూత పెట్టండి, ఎండలో బండి డిక్కీలో వదలకండి.