హెలిప్యాడ్ బాదుల దగ్గరే ఆగిన సరదా

గుంటూరులోనో బెజవాడలోనో హెలికాప్టర్ దిగుతుందంటే ముందురోజే తెలిసిపోతుంది. కాలేజీ గ్రౌండులో సున్నంతో గుండ్రంగా గీసి మధ్యలో హెచ్ అక్షరం వేస్తారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొడతారు. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలియడానికి ఓ మూల పొగ పెడతారు. సర్వి బాదుల అవతల జనం. నాయకుడు కారెక్కి వెళ్లిపోయినా కొందరు కదలరు. వాళ్లు వచ్చింది రెక్కలు ఆగేదాకా చూడటానికే.

అమెరికాలో, యూరప్‌లో ఇలాంటివాళ్లు సొంత జైరోప్లేన్లు, చిన్న హెలికాప్టర్లు వేసుకుని ఏడాదికోసారి ఒకచోట దిగుతారు. దాన్నే ఫ్లై-ఇన్ అంటారు. అక్కడ అది తిరునాళ్లలా కనిపిస్తుంది కానీ, మొదలైంది సరదాతో మాత్రమే కాదు, ప్రాణభయంతో కూడా.

తాటాకు ముక్కలకు తుమ్మముల్లు గుచ్చి పట్టుకుని పరిగెత్తినవాళ్లకు జైరోప్లేన్ సగం అర్థమైనట్టే. దాని పైరెక్కలను గాల్లో ఇంజిన్ తిప్పదు. ప్రొపెల్లర్ బండిని ముందుకు నడిపిస్తే, ఎదురొచ్చే గాలికి రెక్కలు వాటంతటవే తిరిగి బరువు మోస్తాయి. 1919లో తాను తయారుచేసిన మూడు ఇంజిన్ల విమానం వేగం తగ్గి కూలిపోయాక, స్పెయిన్ ఇంజినీరు హువాన్ దె లా సియెర్వా అలా పడిపోని యంత్రం కోసం వెతికాడు. మొదటి నమూనాలు పక్కకు ఒరిగిపోయేవి. రెక్కల మొదట్లో తలుపు మడతబందుల్లాంటివి పెట్టాక, 1923 జనవరిలో ఆటోజైరో, అంటే ఆయన జైరోప్లేన్, సరిగ్గా ఎగిరింది. విధి చూడండి, 1936లో ఆయన పోయింది మాత్రం మామూలు ప్రయాణికుల విమానం కూలి.

తర్వాత హెలికాప్టర్ వచ్చి ఆటోజైరోను పక్కకు నెట్టేసింది. మళ్లీ దాన్ని ఇళ్ల షెడ్లలోకి తెచ్చినవాడు రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇగోర్ బెన్సన్. 1950లలో ఆయన ప్లాన్లు, కిట్లు అమ్మేవాడు. అల్యూమినియం గొట్టాలు, ఒక సీటు, గురి సాధనకు వాడే మిలిటరీ టార్గెట్ డ్రోన్ల కోసం తయారైన మెకల్లక్ ఇంజిన్. ఇంతే సరంజామా.

చిక్కల్లా నేర్పేవాడు లేకపోవడమే. ఒంటి సీటులో గురువు ఎక్కడ కూర్చుంటాడు? గాల్లో కంగారుపడి ముక్కు ఒక్కసారిగా కిందకు నొక్కితే రెక్కల మీద భారం పోతుంది, వాటి తిరుగుడు మందగిస్తుంది. అంతే, ఇక లేవదు. అలా చాలామంది పోయారు. అందుకే మొదట ఇంజిన్ లేకుండా, తాడు కట్టి కారుతో లాగించుకుంటూ నేర్చుకునేవారు. 1962లో బెన్సన్ పాపులర్ రోటర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని, ఇలాంటి తిరిగే రెక్కల యంత్రాలవాళ్ల క్లబ్బు పెట్టాడు. ఒకడి బండి బోల్టులు ఇంకొకడు తడిమి చూసే అలవాటుకు ఇలాంటి క్లబ్బులే చోటిచ్చాయి. ఫ్లోరిడాలో జరిగే బెన్సన్ డేస్ ఫ్లై-ఇన్ ఆయన పేరు మీదిదే.

మన దగ్గర కథ చట్టంతో మొదలవుతుంది. 1934 నాటి విమాన చట్టం నిర్వచనం ప్రకారం గాలిపటం కూడా విమానమే! 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమ్ దాని స్థానంలోకి వచ్చింది. అంతకుముందే, 2022 జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం ఆటోజైరోలతో సహా రోటర్‌క్రాఫ్ట్‌ను క్రీడల జాబితాలో చేర్చింది. కానీ కాగితం మీద చోటిస్తే సరిపోదు, దిగడానికి నేల కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు గన్నవరం ఎయిర్‌స్ట్రిప్ ఇప్పుడు పెద్ద విమానాల ఎయిర్‌పోర్టు. తాడు కట్టుకుని సాధన చేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. ఇక్కడ హెలికాప్టర్ అంటే ఎన్నికలు, వరదలు, చావు కబురు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి. ఆ రెండు రోజులూ ఎవరూ మర్చిపోలేదు. ఆదివారం సరదాకి ఎగురుతానంటే ఇంట్లో అమ్మ ఒప్పుకుంటుందా?

అయితే గత కొన్నేళ్లలో రెక్కల పిచ్చి వేరే దారి పట్టింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు హెలికాప్టర్లతో పాటు డ్రోన్లు కూడా భోజనం పొట్లాలు మోశాయి. అక్టోబరు 22న కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు వెలిగాయి. గుంటూరు మిరప చేలలో మందు కొట్టే డ్రోన్ కుర్రాళ్లను గమనించండి. గట్టు మీద కూర్చుని బ్యాటరీలు మార్చుకుంటూ, ప్రొపెల్లర్ ఎంత బిగించాలో, గాలి ఎక్కువైతే ఎప్పుడు దించేయాలో ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు.